కరెంటు పోయింది, జనరేటర్ లేవలేదు, సైరన్ మోగలేదు: మూడూ ఒకే రాత్రి ఎట్లా?

జడ్చర్ల షెడ్డు | మే 19, రాత్రి 9:42

అందరికీ నమస్తే. జడ్చర్ల దగ్గర మాది ఈసీ షెడ్డు, అంటే అన్ని వైపులా మూసి ఫ్యాన్లతోనే గాలి, చల్లదనం ఇచ్చేది. పన్నెండు వేల బ్రాయిలర్లు, ఇంటిగ్రేషన్ మీద, అంటే పిల్లలూ మేతా కంపెనీవి, పెంపకం మాది. షెడ్డు కట్టి ఇది మూడో ఏడు.

పోయిన వారం బ్యాచ్ 34వ రోజున, రాత్రి రెండు దాటాక గాలిదుమారం వచ్చి కరెంటు పోయింది. జనరేటర్ తనంతట తనే స్టార్ట్ కావాలి, కాలేదు. అది కాకపోతే సైరన్ మోగాలి, అదీ మోగలేదు. నేనూ పనతనూ షెడ్డు పక్క రూములోనే పడుకున్నాం. నాకు మెలకువ వచ్చింది చప్పుడుకు కాదు, చప్పుడు ఆగిపోయినందుకు. ఎనిమిది ఫ్యాన్ల హోరులో నిద్రపోయే అలవాటు కదా, ఆ హోరు లేదని చెవికి తెలిసేసరికి ఎంతసేపైందో ఏమో. తలుపు తీస్తే పొయ్యి మూత తీసినట్టు మొహానికి వేడి కొట్టింది. పరదాలు దించి, బకెట్లతో నీళ్లు చల్లి ఏదో చేశాం. తెల్లారి లెక్కేస్తే 3,800 కోళ్లు.

కంపెనీ సూపర్‌వైజర్ 'రైతు నిర్లక్ష్యం' అని రాసుకుని పోయాడు. జనరేటర్ మెకానిక్ వచ్చి బ్యాటరీ డౌన్ అన్నాడు. ఎలక్ట్రీషియన్ సైరన్ నొక్కి చూస్తే ఊరంతా వినపడేలా మోగింది! మా నాయన దిష్టి తగిలిందంటున్నాడు. ఒకటి చెడిపోవడం చూశాను, రెండూ చూశాను. మూడూ ఒకే రాత్రి, ఒకే నిమిషంలో ఎట్లా చెడతాయి? తప్పు ఎవరిది?

దేవరకొండ బస్సు | మే 19, రాత్రి 10:05

అయ్యో తమ్మీ. 34వ రోజంటే చేతికొచ్చిన పంట. టైము బాగాలేనప్పుడు తాడే పామై కరుస్తుంది. ఇంకో బ్యాచ్‌లో కలిసొస్తుందిలే.

పానగల్లు పెద్దాయన | మే 19, రాత్రి 11:20

బాబూ, నేను కరెంటు డిపార్ట్‌మెంట్‌లో పనిచేసి రిటైరయ్యాను. తప్పు ఎవరిదన్నది రేపు చూద్దాం. ఇవాళ ఒక కాగితం తీసుకో. పైన మధ్యలో 'కోళ్లు చచ్చాయి' అని రాయి. దాని కింద, అది జరగాలంటే ఏమేం జరగాలో రాయి. 'గాలి ఆగింది' ఒకటి, 'ఇరవై ముప్పై నిమిషాల్లో మనిషి రాలేదు' ఒకటి. ఈ రెండూ కలిస్తేనే నష్టం, ఏదో ఒకటే అయితే నష్టం లేదు. కాబట్టి ఆ రెంటినీ 'రెండూ పోతేనే' అనే ముడితో కలుపు. ఇంగ్లీషులో దాన్ని అండ్ గేటు అంటారు.

ఇప్పుడు 'గాలి ఆగింది' కిందికి దిగు. లైను కరెంటు పోవాలి, జనరేటర్ కూడా రాకూడదు. మళ్ళీ అండ్ గేటే. 'జనరేటర్ రాలేదు' కింద మాత్రం ముడి మారుతుంది. డీజిల్ అయిపోయినా, ఫిల్టర్‌లో గాలి చేరినా, బ్యాటరీ దిగినా, లైను నుంచి జనరేటర్‌కు మార్చే స్విచ్చు (ఛేంజోవర్ కాంటాక్టర్) అతుక్కున్నా, ఏదొక్కటి చాలు. దాన్ని ఆర్ గేటంటారు. అట్లా చివరికి చేత్తో ముట్టుకోగలిగిన వస్తువు వచ్చేదాకా దిగుతూ పో. దీని పేరు ఫాల్ట్ ట్రీ. వేరు పైన, కొమ్మలు కింద. మహబూబ్‌నగర్ వాళ్లకు తలకిందుల చెట్టు గురించి నేను చెప్పాలా, పిల్లలమర్రి ఊడలు చూసి పెరిగినవాళ్లు.

ఒక్క ప్రశ్నకు మాత్రం జవాబు కావాలి. సైరన్‌కు కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది? గుర్తు చేసుకుని చెప్పొద్దు. వైరు పట్టుకుని నడిచి చూసి చెప్పు.

జడ్చర్ల షెడ్డు | మే 20, ఉదయం 7:15

సార్, వైరు పట్టుకుని నడిచాను.

సైరన్ డబ్బా నుంచి వైరు గోడ మీదుగా జనరేటర్ రూములోకి పోయింది. అక్కడ కేబుల్ ట్రేలో నల్ల టేపు చుట్టి ఉంది. టేపు విప్పితే నేరుగా జనరేటర్ బ్యాటరీ టెర్మినల్ మీదికి పోయింది. ఒకే బ్యాటరీ సార్. స్టార్టర్‌కూ అదే, సైరన్‌కూ అదే. షెడ్డు కట్టినప్పుడు ఇంకో బ్యాటరీ ఖర్చెందుకని ఫిట్టర్ అట్లా కలిపాడంట. నాకు ఇప్పటిదాకా తెలియదు.

ఇంకోటి కూడా చూశాను. బ్యాటరీ ఛార్జర్ మీద పచ్చ లైటు వెలుగుతూనే ఉంది. మీటరు పెట్టి చూస్తే బ్యాటరీకి ఛార్జింగే పోవట్లేదు. లోపల ఫ్యూజు కొట్టేసి ఉంది. లైటు కనెక్షన్ ఫ్యూజుకు ముందు ఇచ్చారు. ఎప్పటి నుంచి అట్లా ఉందో దేవుడికే తెలియాలి.

మర్నాడు సైరన్ ఎందుకు మోగిందో కూడా అర్థమైంది. అప్పటికే మెకానిక్ ట్రాక్టర్ బ్యాటరీతో జంప్ చేసి జనరేటర్ గంటసేపు నడిపాడు.

పానగల్లు పెద్దాయన | మే 20, ఉదయం 8:02

అదీ సంగతి. నువ్వు మూడు చెడ్డాయనుకున్నావు. చెడ్డది ఒకటే. ఇప్పుడు కాగితం మీద 'బ్యాటరీ దిగింది' అన్నది ఎన్నిచోట్ల వస్తుందో చూడు. జనరేటర్ కొమ్మ కింద ఒకసారి, మనిషి లేవని కొమ్మ కింద ఇంకోసారి. రెండు కొమ్మల్లో ఒకే పేరు కనపడిందంటే, పైన నువ్వు వేసిన అండ్ గేటు ఉత్త బొమ్మ.

ఇంకో ప్రశ్న. వారానికోసారి జనరేటర్ నడిపి చూడాలి కదా?

జడ్చర్ల షెడ్డు | మే 20, ఉదయం 8:30

ప్రతి ఆదివారం నడిపేవాళ్లం సార్. ఎండాకాలం రోజూ కరెంటు పోతుంది, జనరేటర్ ఎట్లాగూ నడుస్తుంది, వేరే టెస్టు ఎందుకు, డీజిల్ దండగ అని మానేశాం. తీరా ఈసారి ఇరవై రోజులు కరెంటు ఒక్క నిమిషం కూడా పోలేదు. అన్ని రోజులూ సైరన్ ప్యానెల్ కొంచెం కొంచెంగా బ్యాటరీని తాగుతూనే ఉంది. కరెంటు బాగా ఇచ్చి చంపారనుకోవాలా? నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు.

ఇంకా ఉంది. ఆదివారం టెస్టులో ముందు జనరేటర్ నడిపి, తర్వాత సైరన్ నొక్కేవాళ్లం. అప్పుడే ఛార్జ్ అయిన బ్యాటరీ మీద సైరన్ ఎందుకు మోగదు?

చౌటుప్పల్ సేఫ్టీ | మే 20, మధ్యాహ్నం 1:10

తమ్ముడూ, మీ రెండో పోస్టు చదివి మా ప్లాంటులో నలుగురికి చూపించాను. మందుల ఫ్యాక్టరీలో ప్రాసెస్ సేఫ్టీ చూస్తాను, ఈ చెట్లు గీయడమే నా పని. మేం వారం రోజులు మీటింగులు పెట్టి పట్టుకునేదాన్ని మీరు టేపు విప్పి పట్టుకున్నారు. ఒకే కారణం రెండు కాపలాలనూ ఒకేసారి పడగొట్టడం, మేం దీన్ని కామన్ కాజ్ అంటాం.

పద్ధతి కొత్తదేం కాదు. 1962లో బెల్ ల్యాబ్స్‌లో హెచ్.ఏ. వాట్సన్ అనే ఆయన అమెరికా వైమానిక దళం కోసం, మినిట్‌మన్ క్షిపణుల ప్రయోగ నియంత్రణ వ్యవస్థను పరిశీలించడానికి దీన్ని తయారుచేశారు. పొరపాటున క్షిపణి లేవకూడదన్నది వాళ్ల దిగులు. తర్వాత బోయింగ్ అందుకుంది, ఆ తర్వాత అణు విద్యుత్ వాళ్లు.

మీ పచ్చ లైటు సంగతి చదవగానే నాకు 1979 మార్చి 28 గుర్తొచ్చింది. అమెరికాలో త్రీ మైల్ ఐలండ్ అణు కేంద్రం. ఒత్తిడి పెరిగితే తెరుచుకునే ఒక రిలీఫ్ వాల్వు తెరుచుకుని మళ్ళీ మూసుకోకుండా ఇరుక్కుపోయింది, లోపలి నీళ్లు బయటికి పోతూనే ఉన్నాయి. కంట్రోల్ రూములో దానికి ఒక లైటు ఉంది. వాల్వు మూసుకోమని సిగ్నల్ వెళ్ళిందా లేదా అన్నదే ఆ లైటు చెప్పేది. నిజంగా మూసుకుందా అన్నది చెప్పదు. ఆపరేటర్లు లైటును నమ్మారు. ఇంధనం ఉండే రియాక్టర్ కోర్‌లో కొంత భాగం కరిగిపోయింది. మీ ఛార్జర్ లైటు కూడా అంతే. కరెంటు వచ్చిందంటుందే గానీ బ్యాటరీకి చేరిందో లేదో దానికి తెలియదు.

కోడ్ పాలమూరు | మే 20, సాయంత్రం 4:48

హాయ్ అన్నా, మాది పాలమూరే, హైదరాబాద్‌లో డేటా సైన్స్ చదువుతున్నా. మీరనే ట్రీలు అంటే పాత లెక్కల నుంచి నేర్చుకుని ముందే చెప్పే కంప్యూటర్ పద్ధతులు, డిసిషన్ ట్రీలు, రాండమ్ ఫారెస్ట్ కదా? మీ షెడ్డు డేటా ఇస్తే మోడల్ చేసి పెడతా. ఎప్పుడు ఫెయిల్ అవుతుందో ముందే చెప్పేస్తుంది.

పానగల్లు పెద్దాయన | మే 20, సాయంత్రం 6:30

తమ్మీ, రెంటి పేరూ చెట్టే గానీ జాతి వేరు. రాండమ్ ఫారెస్ట్‌కు ఎన్ని ఫెయిల్యూర్లు కావాలి?

కోడ్ పాలమూరు | మే 20, సాయంత్రం 6:41

వందల్లో ఉంటే బాగుంటుంది సార్.

పానగల్లు పెద్దాయన | మే 20, సాయంత్రం 6:55

ఈ పిల్లవాడికి ఒకటే ఉంది. అదే 3,800 కోళ్లను మింగింది. వంద అయ్యేదాకా ఆగమంటావా?

నిన్ను తీసిపారేయట్లేదు. మీ చెట్టు జరిగిపోయినవాటి లెక్కల్లోంచి పుడుతుంది. మా చెట్టు ఇంకా జరగనిదాన్ని ఊహించుకుని వెనక్కి నడుస్తుంది. నేను సర్వీసులో ఉండగా కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ల రిజిస్టర్లు గుట్టలుగా పడి ఉండేవి. కెపాసిటీ ఎంత, ఎన్ని మోటార్లున్నాయి, ఆయిల్ ఎప్పుడు పోశారు, ఏ నెలలో కాలింది, అన్నీ రాసి ఉండేవి. అట్లాంటి చోట నీ డిసిషన్ ట్రీ బంగారం. ముందు ఏ ప్రశ్న అడిగితే కాలేవీ కాలనివీ విడిపోతాయో అదే చెబుతుంది. మాకు అప్పట్లో అది తెలియదు. తెలిస్తే యాసంగికి ముందే సగం మార్చుకునేవాళ్లం.

మిర్యాలగూడ మిల్లు | మే 20, రాత్రి 9:15

పెద్దాయనా, దండం. ఇది చదివి మా బాయిలర్ దగ్గరికి పోయి నిలబడ్డాను. పారాబాయిల్డ్ మిల్లు మాది, ఊక బాయిలర్. మాకున్న భయం ఒకటే. నీళ్లు తగ్గి కింద మంట ఉండటం. దానికి మూడు కాపలాలున్నాయని ధైర్యంగా ఉన్నాం. ఒకటి లోపలి నీటిమట్టం చూపే గేజ్ గ్లాసు, ఆపరేటర్ చూస్తాడు. రెండోది ఫ్లోట్ స్విచ్, నీళ్లు తగ్గితే అలారం. మూడోది ఫ్యూజిబుల్ ప్లగ్, అంతదాకా వస్తే కరిగి ఆవిరి మంట మీద పడుతుంది.

ఇప్పుడు పైపు పట్టుకుని చూస్తే గేజ్ గ్లాసుకూ ఫ్లోట్‌కూ బాయిలర్ నుంచి వచ్చే గొట్టం ఒకటే, బయటికి వచ్చాక రెండుగా చీలింది. మా బోరు నీళ్ల సంగతి తెలుసు కదా, సున్నం. ఆ ఒక్క గొట్టం పొలుసు కట్టిందంటే గ్లాసులో పాత నీళ్లు అట్లాగే నిలబడి 'అంతా బాగుంది' అంటాయి, ఫ్లోట్ కూడా అదే అంటుంది. మూడు కాపలాలు కాదు, ఒకటిన్నర.

చౌటుప్పల్ సేఫ్టీ | మే 20, రాత్రి 9:40

అన్నా, రేపు షిఫ్టులో గేజ్ గ్లాసు బ్లోడౌన్ చేయించండి, అంటే గ్లాసులో నీళ్లు బయటికి వదలడం. వదిలాక నీళ్లు చప్పున మళ్ళీ ఎక్కుతున్నాయా, మెల్లగా పాకుతున్నాయా మీ కళ్లతో చూడండి. మెల్లగా అయితే ఆ రోజు మంట వేయొద్దు. గొట్టాలు వేరు చేసే పని బాయిలర్ ఇన్‌స్పెక్టర్‌కు చెప్పి, తెలిసినవాళ్లతోనే చేయించాలి. సొంత వెల్డింగులు పెట్టుకోవద్దు.

ఆర్డీఎస్ చివరి ఆయకట్టు | మే 21, ఉదయం 6:50

గద్వాల పక్క నుంచి, తుంగభద్ర నీళ్లతో పారే ఆర్డీఎస్ కాలువ చివరి రైతును. మీరు ఆర్ గేటు అంటుంటే నాకు నిజం గేటే గుర్తొస్తోంది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు చైను తెగి గేటు కొట్టుకుపోయింది. డ్యామ్‌కు 33 గేట్లు. ఒక్కటి తెగితే మిగతా ముప్పై రెండు ఏం చేయగలవు? నిండిన డ్యామ్ కళ్లముందే ఖాళీ అవుతుంటే ఇక్కడ మేం నార్లు చూసుకుంటూ కూర్చున్నాం. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారు వచ్చి పారే నీళ్లలోనే స్టాప్‌లాగ్‌లు, అంటే గేటు స్థానంలో అడ్డం పెట్టే ఇనుప పలకలు, దింపించారు. వారం పట్టింది. ముప్పై మూడున్నాయంటే ముప్పై మూడింతల బలం అనుకునేవాణ్ని.

పానగల్లు పెద్దాయన | మే 21, ఉదయం 7:30

బలం కాదు, ముప్పై మూడు చోట్ల తెగే అవకాశం. నీళ్లు వదలడానికి ఎక్కువ గేట్లుంటే మేలు, నీళ్లు ఆపడానికి ఎక్కువుంటే చేటు. ఒకే వస్తువు ఒక చెట్టులో అండ్ కింద, ఇంకో చెట్టులో ఆర్ కింద పడుతుంది. పైన ఏం రాశామన్నదాన్ని బట్టి ఉంటుంది.

దేవరకొండ బస్సు | మే 21, ఉదయం 10:12

అందరూ బాగానే గీస్తున్నారు గానీ ఒక మాట. రేపు ఎవరో వచ్చి దీనికి పర్సంటేజీలు వేస్తారు, 'పదేళ్లకోసారి జరుగుతుంది' అని కాగితమిస్తారు. ఆ అంకెలు ఎక్కడివి? గాల్లోంచేగా? అంకె చూసి ధీమాగా పడుకుంటే మళ్ళీ ఇదే కథ.

చౌటుప్పల్ సేఫ్టీ | మే 21, మధ్యాహ్నం 12:35

అన్నా, మీరడిగింది పెద్ద ప్రశ్నే, పెద్దవాళ్లకే తగిలింది. 1975లో రాస్ముస్సెన్ అనే ప్రొఫెసర్ నాయకత్వంలో అమెరికా అణు రియాక్టర్ల మీద ఈ చెట్లతోనే భారీ అధ్యయనం వచ్చింది. మూడేళ్లకు దాన్ని పరిశీలించిన కమిటీ, పద్ధతి మంచిదే గానీ అంకెల్లో ఉండే అనిశ్చితిని తక్కువ చేసి చూపించారని తప్పుబట్టింది. ఆ వెంటనే త్రీ మైల్ ఐలండ్ జరిగింది. పెద్ద పైపు పగలడం కన్నా చిన్న లీకులు, మనుషుల పొరపాట్లే ఎక్కువ ప్రమాదమని ఆ అధ్యయనం చెప్పే ఉంది. జనం పేచీ అంకెల మీద పడ్డారు, ఆ మాట పట్టించుకోలేదు.

పానగల్లు పెద్దాయన | మే 21, మధ్యాహ్నం 3:20

దేవరకొండ తమ్ముడు అన్నది కాదనను. అయినా అంకె వేసి చూపిస్తా, ఎందుకో మీకే తెలుస్తుంది. జడ్చర్ల అబ్బాయి రిజిస్టర్ ప్రకారం పోయిన ఏడాది రాత్రిపూట 40 సార్లు కరెంటు పోయింది. మిగతావి నా అంచనాలు, ఒప్పుకుంటున్నా. జనరేటర్ 50 సార్లలో ఒకసారి లేవదనుకుందాం. సైరన్ మోగినా మనిషి లేవకపోవడం, లేదా సైరనే చెడిపోవడం పదింట ఒకటి. 40ని 50తో భాగించి, మళ్ళీ పదితో భాగిస్తే 0.08. పన్నెండేళ్లకోసారి. షెడ్డు కట్టినవాళ్ల మనసులో ఉన్న లెక్క ఇదే.

ఇప్పుడు టేపు విప్పాక లెక్క. జనరేటర్ లేవకపోవడంలో సగం బ్యాటరీ వల్లే అనుకో. ఆ సగంలో సైరన్ మోగే ప్రసక్తే లేదు. 40లో నూరింట ఒకటి అంటే 0.4, తక్కిన సగానికి 0.04, మొత్తం 0.44. రెండేళ్ల మూడు నెలలకోసారి.

నా 50 తప్పు కావచ్చు, 100 అయినా కావచ్చు. కానీ పన్నెండేళ్లు రెండేళ్లకు పడిపోయింది ఒక్క వైరు వల్ల. ఆ తేడా నా అంచనాది కాదు, చెట్టు ఆకారానిది. నేను చూసేది దాన్నే.

దేవరకొండ బస్సు | మే 21, మధ్యాహ్నం 3:45

ఇది ఒప్పుకుంటా. అంకె పెట్టుకోను, తేడా పెట్టుకుంటా.

ఆర్డీఎస్ చివరి ఆయకట్టు | మే 21, సాయంత్రం 5:05

సార్, శ్రీశైలం ఎడమగట్టు పవర్‌హౌస్‌కు కూడా ఇట్లా చెట్టు గీయొచ్చా? మా బంధువుల అబ్బాయి ఆ పక్కనే కాంట్రాక్టు పనిలో ఉండేవాడు.

పానగల్లు పెద్దాయన | మే 21, రాత్రి 8:40

2020 ఆగస్టు 20 రాత్రి అక్కడ మంటలు లేచాయి. తొమ్మిది మంది పోయారు. ఆరు యూనిట్లు, 900 మెగావాట్లు, అంతా భూగర్భంలో. అది నా వాళ్ల మధ్య జరిగిన సంగతి, కారణాల తీర్పు నేను ఇక్కడ చెప్పను.

పద్ధతి మాత్రం చెబుతా. భూగర్భంలో మంట అంటే ఒక చెట్టు చాలదు. మంట ఎందుకు పుట్టిందన్నది ఫాల్ట్ ట్రీ, అది పై నుంచి కిందికి. మంట పుట్టాక ఏమవుతుందన్నది ఈవెంట్ ట్రీ, అది ఎడమ నుంచి కుడికి పోతుంది. సరఫరా తెగిందా, లేదా? పొగ బయటికి పోయిందా, లేదా? లైట్లు ఉన్నాయా? దారి కనపడిందా? ప్రతి చోటా రెండు కొమ్మలు. చివరి కొమ్మల మీద మనుషులుంటారు. మన దగ్గర మొదటి చెట్టు కోసం కమిటీలు వేస్తారు, రెండోది గీసే ఓపిక ఎవరికీ ఉండదు. నీ కోళ్ల షెడ్డుకు కూడా రెండోది గీయి బాబూ. గాలి ఆగాక ఇరవై నిమిషాల్లో ఏది ఏ వరసలో జరగాలో రాసుకో.

చౌటుప్పల్ సేఫ్టీ | మే 21, రాత్రి 9:25

దానికి ఒక చిన్న సలహా. పరదాలను ఎలక్ట్రోమాగ్నెట్‌తో పట్టించండి. కరెంటు ఉన్నంతసేపు అది పట్టుకుని ఉంటుంది, పోతే వదిలేస్తుంది, పరదా తన బరువుకు తనే కింద పడుతుంది. బ్యాటరీ అక్కర్లేదు, సైరన్ అక్కర్లేదు, మీరు లేవకపోయినా గాలి వస్తుంది. రైలు బ్రేకు పైపు తెగితే బండి తనంతట తనే ఆగుతుందే, అదే సూత్రం.

జపాన్‌లో ఫుకుషిమాలో 2011 మార్చి 11న భూకంపానికి డీజిల్ జనరేటర్లు బాగానే లేచాయి. తర్వాత వచ్చిన సునామీ నీళ్లకు దాదాపు అన్నీ పనిచేయకుండా పోయాయి. ఆరో యూనిట్‌లో గాలితో చల్లబడే రకం ఒకటి, కాస్త ఎత్తులో ఉన్నది, అదొక్కటి మిగిలింది. రెండోది పెట్టేటప్పుడు మొదటిదానికి కవల పెట్టొద్దు, వేరే రకం పెట్టండి.

జడ్చర్ల షెడ్డు | జూన్ 27, రాత్రి 8:10

నెల దాటింది, కొత్త బ్యాచ్ 12వ రోజు. చేసినవి చెబుతాను. సైరన్‌కు వేరే బ్యాటరీ, వేరే ఛార్జర్. ఛార్జర్ లైటు తీసేసి ఓల్టేజీ చూపించే మీటర్ పెట్టించాను. టెస్టులో ముందు సైరన్, తర్వాత జనరేటర్. రెండు వైపులా పరదాలకు మాగ్నెట్లు. మొన్న అర్ధరాత్రి నేనే మెయిన్ దించి, జనరేటర్ బ్యాటరీ కేబుల్ పీకేసి నిలబడ్డాను. సైరన్ మోగింది, పరదాలు ధడేల్‌మని పడ్డాయి, పనతను బనియన్ తిరగేసుకుని పరుగెత్తుకొచ్చాడు. మా నాయన మాత్రం దిష్టి గుమ్మడికాయ కూడా కట్టించాడు. కాదనలేదు, అది ఏ బ్యాటరీ మీదా ఆధారపడదు కదా.

ఒకటే ఇబ్బంది. కరెంటు రెండు సెకన్లు మిణుకుమన్నా పరదాలు పడిపోతున్నాయి. ఈ నెల ఆరుసార్లు ఊరికే పడ్డాయి. మళ్ళీ చుట్టలేక పనతను విసుక్కుంటున్నాడు.

పానగల్లు పెద్దాయన | జూన్ 27, రాత్రి 8:55

మంచిది. రెండు ప్రశ్నలు. రెండు బ్యాటరీలూ ఒకే షాపులో, ఒకే రోజు కొన్నావా? ఇంకోటి, ఆరుసార్లు పడ్డాయన్నావు. చివరిసారి ఎప్పుడు పడ్డాయి?

జడ్చర్ల షెడ్డు | జూన్ 27, రాత్రి 9:20

ఒకే షాపు, ఒకే రోజు సార్. పక్కపక్క నంబర్లు. సైరన్ది మారుస్తాను.

పరదాలు చివరిసారి పడింది మొన్న నేను టెస్టు చేసినప్పుడే. మరి నిన్న సాయంత్రం వానకు కరెంటు రెండుసార్లు మిణుకుమంది, పరదాలు పడినట్టు గుర్తులేదు. ఉండండి, చూసొస్తా.

జడ్చర్ల షెడ్డు | జూన్ 27, రాత్రి 9:34

టార్చి పట్టుకుని చూశాను. పడమటి వైపు మాగ్నెట్ దగ్గర కొక్కేనికి బైండింగ్ వైరు మూడు చుట్లు చుట్టి ఉంది. నీట్‌గా, పట్టకారుతో తిప్పి మరీ కట్టాడు.